లేని గనియూరు – ఉన్న నేతయూరు

గత శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయస్వామి రథోత్సవమును చూచి ఇల్లు చేరిన పిదప, మా సందులోని పిల్లవాడొకడు అరుగుమీద మా ప్రక్కన కూర్చుండి, “తాతా, నరాచికి ఏ రైల్ల పోవాలె?” అని యడిగెను. పదునాలుగేండ్లవాడు. తండ్రి హోట్గి రోడ్డు పారిశ్రామిక వాడలో టవళ్ల సాంచాలు నడుపును. తల్లి యింట కూర్చుండి బీడీలు చుట్టును. నరాచి యను ఊరు భూమిమీద లేదని మేము చెప్పగా వాడు నమ్మలేదు. “లేకుంటే కోలారు బంగారం ఏడికెల్లి వచ్చింది?” అని యెదురు ప్రశ్న వేసెను. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

పెద్దలలో కొందరికి నరాచి యననేమో తెలియకపోవచ్చును. 2018 డిసెంబరులో మొదటి భాగముగను, 2022 ఏప్రిలులో రెండవ భాగముగను వచ్చిన “కె.జి.ఎఫ్.” అను కన్నడ చలనచిత్రములోని కల్పిత గనియూరది. తెలుగు మాటలతో కూడ వచ్చి మన పేటలలో ఇంటింట ప్రవేశించినది. 1951లో కోలారు సీమలో బంగారము బయటపడుననియు, ఒక దుర్మార్గుడు దానిని సున్నపురాతి గనియని చెప్పి కౌలుకు పుచ్చుకొనుననియు, చుట్టును గోడ కట్టి వేల మందిని కూలి లేని బానిసలుగా త్రవ్వించుననియు కథ. నాయకుడొక్కడు లోపలికి పోవును. యజమానిని చంపి తానే యజమాని యగును. చివరకు బంగారముతోగూడ సముద్రము పాలగును. ఆ యూరికి చరిత్రయన ఒక్కని పగ, పాలనయన తుపాకి, ఆర్థికమన బంగారపు ఇటుకల కుప్ప.

“సినిమా సినిమాయే గదా, గుమాస్తాగారూ! దానిమీద మీకింత కోపమెందులకు?” అని మిత్రులడిగిరి. మేము సినిమాలకు శత్రువులము గాము. “మాయాబజారు”ను మేము ఎన్నిమార్లు చూచితిమో లెక్క లేదు. కాని ఘటోత్కచుని ఆశ్రమమునకు ఏ బండి పోవునని యే పిల్లవాడును అడిగి యుండలేదు. అది కల్పనయని కల్పనయే చెప్పుకొనుచుండెను. ఇది యట్లు గాదు. ఉన్న ఊరి పేరును పైన తగిలించుకొని, ఆ యూరి సైనైడు మట్టిదిబ్బలమీదనే చిత్రించి, ఆ యూరిలో నిజముగా జరిగిన దానినంతయు తుడిచివేసినది. పటము మొదటిలో “ఇది కల్పితము” అని వ్రాసిన చిన్న యక్షరములను చదువువారెందరు? తెరమీది నరాచి పిల్లల మనస్సులలో నిలిచిపోయినది. నేలమీది కోలారు మాయమైనది. మా తగవు ఇది.

కావున నేలమీది కోలారు సంగతి మొదట చెప్పుకొందము.

అక్కడ బంగారము 1951లో బయటపడలేదు. 1870వ దశకములో లావెల్ అను ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు సంస్థానమునుండి త్రవ్వుటకు అనుమతి పొందెను. 1880 నుండి లండనునందలి జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఆ గనులను నడిపెను. శివసముద్రమునుండి 1902లోనే తీగెలమీద విద్యుచ్ఛక్తి ఆ గనులకు చేరినది. బెంగుళూరు నగరము 1905 వరకు వేచియుండవలసి వచ్చెను. పాలారు నీటిని బేతమంగలమునుండి గొట్టములతో తెచ్చిరి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతును మించినది. ప్రపంచములోని మిక్కిలి లోతైన గనులలో ఒకటి. సినిమాలో నాయకుడు పుట్టిన 1951 నాటికి నిజమైన గనియూరికి డెబ్బది యేండ్లు నిండి, మూడు తరములవారు లోనికి దిగి, అందు కొందరు పైకి రాకయే పోయియుండిరి.

ఇక పాలన. సినిమాలో గోడ యున్నది. నిజమైన ఊరిలో గోడకంటె గట్టివి కాగితములుండెను. గనుల నేలమీద కంపెనీ యధికారము. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటలమీద శానిటరీ బోర్డు. పైన మైసూరు దర్బారు. దాని పైన బ్రిటిషు రెసిడెంటు. దొరలకు బంగళాలు, క్లబ్బులు; కూలివారికి లైన్లని పిలువబడు తడికెల గుడిసెలు. బంగారపు రాయి దగ్గర దొరికినచో నేరము. అందుచేత గనినుండి బయటికి వచ్చువారి యొడలు తడిమి చూచెడివారు. ఇది బానిసత్వము కాదు, కూలి యిచ్చుచునే యుండిరి. కాని మనిషిని లొంగదీయుటకు కొరడా యవసరము లేదనియు, ఒక చీటి, ఒక మస్టరు, ఒక లైను గది చాలుననియు ఈ పాలన ఋజువు చేసినది. ముప్పదియేండ్లు మస్టరు వ్రాసినవారము గావున ఈ మాట మేము తెలిసి చెప్పుచున్నాము.

ఆ చీటికి ఎదురు తిరిగినవారు ఎవరు? ఒక్క నాయకుడా? 1930లో వ్రేలిముద్రలు తీసి చీటీలిచ్చు పద్ధతిని ఎదిరించి గని కార్మికులు మూడు వారములు పని మానిరి. ఆ సమ్మెకు కథానాయకుడు లేడు; వేలాది కూలివారే నాయకులు. 1946 నవంబరు 4వ తేదీన పోలీసు కాల్పులలో ఆరుగురు కార్మికులు నేలకొరిగిరి. వారి పేర్లు మన పిల్లలలో ఒక్కనికిని తెలియవు. లేని మనిషి పేరు, వాడు తల్లికిచ్చిన మాట, వాని గడ్డపు తీరు మాత్రము ప్రతివానికి కంఠస్థము. ఇది న్యాయమా?

సినిమా కథ నడచిన 1951–1981 నడుమ నిజముగా జరిగినదేమి? 1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొన్నది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వమునకు చేరినవి. 1965లో ఆ లోతైన గనిలోనే విశ్వకిరణములను పరిశోధించు మన శాస్త్రజ్ఞులు న్యూట్రినో కణముల జాడను పట్టిరి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. అనగా తెరమీద కొరడా దెబ్బలు మ్రోగుచున్న కాలమున నేలమీద ప్రభుత్వ సంస్థ, కార్మిక సంఘములు, ప్రావిడెంటు ఫండు, ఆసుపత్రి ఉండెను. దుఃఖము లేదని గాదు. రాతిధూళికి ఊపిరితిత్తులు చెడి దగ్గుచు చచ్చినవారు, రాయి ప్రేలి నలిగినవారు కోకొల్లలు. ఆ దుఃఖము సినిమాకు పనికిరాలేదు. ఏలయన దానిని ఒక్క దుర్మార్గుని మెడకు చుట్టుటకు వీలులేదు.

ఆర్థికము మాట విందము. నూట యిరువది యేండ్లలో కోలారు గనులు ఎనిమిది వందల టన్నుల బంగారము నిచ్చినవని లెక్క. సంస్థానమునకు రాయల్టీ ముట్టినది. లండనులోని వాటాదారులకు లాభములు ముట్టినవి. తొలినాళ్లలో టన్ను రాతికి నలుబది గ్రాములకు పైగా బంగారము దొరకగా, చివరిదినములలో అది కొద్ది గ్రాములకు దిగినది. లోతు పెరిగిన కొలది ఖర్చు పెరిగినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. మూడు వేల పైచిలుకు పనివారు ఒక్క ఉత్తరువుతో వీధిని పడిరి. తుపాకి మ్రోగలేదు, విమానము బాంబు వేయలేదు. పంపులు ఆగినవి, గనులు నీటితో నిండినవి. నేటికిని ఆ యూరి జనులు వేలాదిగ తెల్లవారుజామున రైలెక్కి నూరు కిలోమీటర్ల దూరములోని బెంగుళూరుకు కూలికి పోయి, రాత్రి తిరిగి వచ్చుచున్నారు. మూడు కోట్ల టన్నులకు పైబడిన సైనైడు మట్టి కుప్పలుగా నిలిచి గాలికి లేచి యిండ్లమీద పడుచున్నది. సినిమావారికి అందముగా కనబడిన దిబ్బలవియే!

ఒక్క యజమాని, ఒక్క సరుకు, ఒక్క ఆధారముమీద నిలిచిన ఊరు ఆ ఆధారము తొలగిననాడు కూలిపోవునను పాఠము కోలారు నేర్పుచున్నది. ఒక్క వీరుడు వచ్చిన ఊరు బాగుపడునను అబద్ధము నరాచి నేర్పుచున్నది. ఈ రెంటిలో ఏది మన పిల్లల కవసరము?

“కోలారు గనులవారు ఎక్కువమంది అరవవారు, మనకేమి?” అని మరియొక పెద్దమనిషి యనెను. ఉత్తర ఆర్కాటునుండి వచ్చిన తమిళులే యధికమన్నది నిజమే. కాని వారితో తెలుగువారును దిగిరి. కోలారు సీమ పల్లెలలో తెలుగు నేటికిని ఇంటి భాష. అంతకుమించి, పొట్టచేతబట్టుకొని పరాయి సీమకు పోయి, ఒక కంపెనీ నీడలో మూడు తరములు గడిపిన వారి కథ మన కథ గాక మరెవరిది? మన తాతలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరముల నుండి మగ్గమును నమ్ముకొని పడమటికి నడచిరి. వారి జ్ఞాతులలో కొందరు తరువాత తూర్పున బొగ్గు గనులకు పోయిరి. ఇల్లందులో 1889లో బొగ్గు త్రవ్వుట మొదలైనది. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడినది. అక్కడి కార్మికులు గుర్తింపు సంఘమును రహస్య ఓటుతో నేటికిని ఎన్నుకొనుచున్నారు. 2023 డిసెంబరులో కూడ ఎన్నుకొనిరి. గనియూరి పాలన యనిన అది. నరాచిలో ఓటు పెట్టె యెక్కడనైన కనబడినదా?

ఇక మన ఊరికి వత్తము. కోలారు 1930లో పని మానినది. అదే సంవత్సరము మే 12 నుండి జూన్ 30 వరకు మన సోలాపూరు మార్షల్ లా క్రింద నలిగినది. మల్లప్ప ధనశెట్టి, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్ అను నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీసిరి. వారి పేరిట చౌకు ఉన్నది. దానిని దినమును దాటుదుము. ఆ నలుగురి పేర్లు వరుసగా చెప్పగల పిల్లవానికి బహుమతి యిత్తుమని మేము మా సందులో ప్రకటించితిమి. రూపాయలు మా జేబులోనే మిగిలినవి.

1877 నాటికే నిలిచిన మన జూనీ మిల్లు సంగతి తీసికొనుడు. సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ 1949 ఆగస్టులో మిల్లును మూసినది. 1950 జనవరిలో భారత ప్రభుత్వము ఆర్డినెన్సుతో దాని నిర్వహణను తన చేతికి తీసికొన్నది. వాటాదారులు సుప్రీంకోర్టు కెక్కిరి. 1950 డిసెంబరులో ఒకరు ఓడిరి. 1953 డిసెంబరులో మరియొకరు గెలిచిరి. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఆ తీర్పులను చదువుదురు. మన భోంగా మ్రోగిన మిల్లు పేరు దేశపు రాజ్యాంగ గ్రంథములలోకి ఎక్కినది! అయినను ఆ వ్యాజ్యెములు వాటాదారుల ఆస్తిహక్కును గూర్చినవి. మగ్గముముందు నిలిచినవారు అందు కక్షిదారులు గారు. తరువాత ఒక్కటొక్కటిగా మిల్లులు మూతబడినవి. గని మూతబడిన ఊరికిని మిల్లు మూతబడిన ఊరికిని భేదమెంత?

భేదము ఒకటి కలదు. దానిని గర్వముతో చెప్పుదుము. కోలారునకు బంగారము తప్ప వేరొకటి లేకపోయెను. మన వారికి చేతిలో పని యుండెను. మిల్లు పోయినను ఇంటింట సాంచ నిలిచినది. చాదరు, టవలు ఊరి పేరును దేశాంతరములకు మోసినవి. ఆడువారి బీడీ చాట సంసారమును ఆపినది. ఆ బీడీ కార్మిక స్త్రీలే యేండ్ల తరబడి ఊరేగింపులు తీసి, అర్జీలిచ్చి, లాఠీలకు వెరవక, కుంభారి వద్ద పదివేల యిండ్లు సాధించిరి. 2006లో తాళపు చెవులు చేతికి వచ్చినవి. తరువాత రేనగర్ పథకములో 2024 జనవరిలో పదునైదు వేల యిండ్లు పంచబడినవి. ఏ నరాచి వీరుడు వారికొక ఇటుక పేర్చెను? ఈ కథను తెరకెక్కించువాడు లేడు సరే. మన సంచికలలోనైన వ్రాసినవాడేడి?

ఇతరులను మాత్రమే నిందించి తప్పించుకొనుట మాకిష్టము లేదు. మా తప్పును చెప్పుకొందుము. మేము ఒక మిల్లు టైము ఆఫీసులో గుమాస్తాగ చేరితిమి. మెట్రిక్ ప్యాసైనవారమని, తెల్లచొక్కా తొడిగినవారమని, మా కొలువు నేతఖాతా వారితో సమానము కాదని తలచితిమి. వారు పగారు బకాయిలకై గేటువద్ద కూర్చున్నప్పుడు సంతకము పెట్టుమని కాగితము తెచ్చిరి. మేము పెట్టలేదు. మూడు నెలలు తిరుగక మునుపే గేటుకు తాళము పడినది. గుమాస్తాకును జాబరుకును బదిలీ కూలికిని అదే తాళము. అటుపిమ్మట నూలు దుకాణములలో పద్దులు వ్రాసి కాలము గడిపితిమి. ఒక్క పెద్దచేయి వచ్చి మమ్ము మాత్రము పైకి లాగునని యెదురుచూచినవారము మేమును గదా! నరాచిని నమ్మిన పిల్లవానికంటె మేము తెలివిగలవారమని యెట్లు చెప్పగలము?

మిల్లు సామాను వేలమైనపుడు మస్టరు పుస్తకములను గోనెసంచులలో కుక్కి రద్దీవానికి తూచి యిచ్చిరి. కిలో లెక్కన పోయినవి. మేము నిలిచి చూచి, ఒక్క పుస్తకమును మాత్రము అడిగి తెచ్చుకొంటిమి. కొన్నేండ్ల తరువాత ఒక నేతగాని భార్య, భర్త గతించిన పిదప, పింఛనుకై అతని సర్వీసు ఋజువు వెదకుచు మా గడప నెక్కెను. “అన్నా, ఆయన పేరు నువ్వే రాస్తుంటివి గద, జర చూడు” అనెను. మా యొద్దనున్నది వడుకు ఖాతా పుస్తకము, ఆయనది నేతఖాతా. ప్రతి ఉదయము ఆయన పేరునకు ఎదుట మేమే గుర్తు పెట్టితిమి. అది మాకు జ్ఞాపకమున్నది. కాని జ్ఞాపకము ఆఫీసులో చెల్లదు. ఆమె వట్టిచేతులతో దిగిపోయెను. మేము ఆనాటి నుండి ఒక మాట పట్టుకొంటిమి: వ్రాసి ఉంచని చరిత్ర పేదవానికి నష్టము, ధనవంతునికి లాభము.

కావున సంఘపు పెద్దలకు మా విన్నపము, విన్నపమనుటకంటె తగవనుడు. ఈ సంచిక ఇరువది యేండ్లుగా మన చేతికి వచ్చుచున్నది. ఇందు శుభాకాంక్షలు, దాతల ఫోటోలు, కావ్యప్రశంసలు పుష్కలము. మన మిల్లు చాళ్లలో పుట్టిన ఒక్క కుటుంబము చరిత్ర లేదు. వచ్చు సంవత్సరము ఇరువది కుటుంబముల చరిత్రలు వేయుడు: ఏ ఊరినుండి వచ్చిరి, ఏ త్రోవన వచ్చిరి, ఏ ఖాతాలో చేరిరి, ఎంత పగారు, ఏనాడు తాళము పడినది, ఆ తరువాత కూడు ఎట్లు కుదిరినది. సంఘ భవనములో ఒక బీరువా చాలును. మస్టరు కార్డులు, పి.ఎఫ్. చీటీలు, సమ్మె కరపత్రములు, బీడీ కార్డులు, పాత ఆసు, నాడె, కండె, అన్నియు అందు చేరనిండు. దీపావళికి ఇల్లు దులుపునపుడు వాటిని రద్దీకి వేయకుడు. ఖర్చెంత? ఆ సినిమా నాయకుని నిలువెత్తు బొమ్మకు మా పేటలో ఎత్తిన చందాలో సగము గూడ కాదు.

“పిల్లలకు ఇవి రుచించవు, వారికి వీరుడు కావలెను” అందురు. రుచి పెట్టినది మనమే గదా! ఇంట చెప్పువారు లేనందున తెర చెప్పినది వినిరి. హోట్గి రోడ్డు మీది చక్కెర కార్ఖానా చిమినీ 2023 జూన్ 15న నిమిషములో నేల కూలినపుడు ఆ పిల్లలే మేడలెక్కి ఫోనులలో పట్టుకొనిరి. కూలుట చూచుటకు ఉత్సాహమున్న వయస్సునకు, కట్టినవారెవరని వినుటకు ఉత్సాహముండదా? చెప్పి చూచితిమా?

మేము చెప్పి చూచితిమి. ఆ పిల్లవానికి నరాచి లేదని మరల వాదింపలేదు. మా యొద్దనున్న వడుకు ఖాతా పుస్తకమును తెరచి, వాని తాత పేరును చూపితిమి. వాడు ఆ పేరు మీద వ్రేలు పెట్టి, ఎదుటనున్న గుర్తులను లెక్కపెట్టసాగెను. ఆ నెలలో ఇరువదియారు గుర్తులు; ఒక్క నాగా. “ఆ దినం ఎందుకు రాలేదు, తాతా?” అనెను. మాకు తెలియదు, వాని నాయనమ్మకు తెలిసియుండవచ్చుననియు, పోయి యడుగుమనియు చెప్పితిమి. వాడు వెంటనే లేచి పరుగెత్తెను.

పెద్దలారా, మన యిండ్లలో నాయనమ్మలు ఇంకను ఉన్నారు. బీరువా సంగతి వచ్చు సభలోనే తేల్చుడు.